దాపటి మూల

కూతకు వచ్చినవాడి మొహం చూడొద్దు, పాదాలు చూడు అనేవాడు మా బాబాయి. కళ్ళు ఒకవైపు చూపించి మనిషి ఇంకోవైపు వెళతాడు. భుజం ముందుకు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. పాదం మాత్రం ఎక్కడో ఒకచోట నేల మీద ఆనక తప్పదు. ఆనిన పాదం మీదికి ఒళ్ళంతా బరువు దిగే క్షణం ఒకటి ఉంటుంది. మూలలో నిలబడ్డవాడు ఆ ఒక్క క్షణం కోసం ఆటంతా కాచుకుని ఉంటాడు.

పర్చూరు వైపు నల్లరేగడిలో మా ఊరు. సంక్రాంతి నాటికి చేలల్లో పత్తి తీత నడుస్తూ ఉంటుంది, మిరప ఎర్రబడుతుంటుంది. రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది కనుక ఆ నేల మీద కబడ్డీ ఆడితే కాళ్ళు విరుగుతాయి. అందుకని పండక్కి పది రోజుల ముందే ట్రాక్టర్లతో ఎర్రమట్టి తోలించి, నీళ్ళు చల్లి, అణగదొక్కి, ముగ్గుతో గీతలు గీసేవాళ్ళు. బాబాయి ఎప్పుడూ ఎడమ చివరనే నిలబడేవాడు. ఇప్పుడు అందరూ లెఫ్ట్ కార్నర్ అంటున్న చోటు అది. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటి ఎద్దు, కుడివైపుదాన్ని వలపటి ఎద్దు అంటాం కదా, ఆయన ఆ చోటును కూడా "దాపటి మూల" అనేవాడు. నాకు ఆ మాటే నోట్లో నిలిచిపోయింది.

ఆయన పక్కన కవర్‌లో ఆడిన మనిషి జిన్నింగ్ మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. ఇద్దరూ వేళ్ళు వేళ్ళలో వేసి గొలుసు కట్టి నిలబడేవాళ్ళు. బాబాయి చిటికెన వేలు నొక్కితే "నేను వెళ్తున్నా" అని అర్థమట. ఆ సంగతి ఆయన ఆడటం మానేసిన చాలా ఏళ్ళకు నాకు చెప్పాడు. గట్టు మీద కూర్చుని చూసిన మాకు మాత్రం ఇద్దరు మనుషులు ఒకే ప్రాణంతో కదిలినట్టు కనిపించేది. వేలు నొక్కడం మాకు ఎలా కనిపిస్తుంది?

ఆ పనితనం ఎంతటిదో తెలియాలంటే కొలతలు కాస్త చూడాలి. మగవాళ్ళ కబడ్డీ మ్యాటు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిమి గీత నుంచి వెనక గీతకు ఆరున్నర మీటర్లు. నడిమి గీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ గీత. ఎదుటి జట్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, రైడర్ ఒక పాదాన్ని బోనస్ గీత దాటించి మోపి, ఆ సమయంలో రెండో పాదాన్ని గాలిలో ఉంచితే ఎవరినీ తాకకుండానే ఒక పాయింటు దక్కుతుంది. మూలవాడి బతుకు ఈ నిబంధన మీదే నడుస్తుంది. రెండో పాదం గాలిలో ఉందంటే మనిషి బరువంతా ఒక్క చీలమండ మీద ఉన్నట్టు. తన గీతకు నాలుగు ముప్పావు మీటర్ల దూరంలో, శత్రువుల నడుమ, ఒంటికాలి మీద ఉన్నాడు. మూలవాడు సరైన చోట నిలబడి ఉంటే ఆ కాలు చేయి చాచే దూరంలో ఉంటుంది.

చేయి ఎలా వెళుతుందన్నది అసలు విద్య. ముందు వెళ్ళే చేయి మడమ వెనక్కి పోవాలి, రెండోది పాదం పైభాగాన్ని కప్పాలి. చీలమండ ఆ రెండు అరచేతుల మధ్య పడాలి. పట్టగానే లాగబుద్ధి అవుతుంది. లాగితే రైడర్‌కు తిప్పుకోవడానికి ఊతం దొరుకుతుంది. పైకి ఎత్తాలి. గాలిలోకి లేచిన పాదానికి తోయడానికి నేల ఉండదు. తల ఎప్పుడూ కాలికి బయటివైపున ఉండాలి, లోపల ఉంటే రెండో మోకాలు దవడకు తగులుతుంది. భుజం పిక్కకు ఆనాలి. ఇవన్నీ వరసగా చెప్పుకోవడానికే, అక్కడ అన్నీ ఒకేసారి జరుగుతాయి. బాబాయి ముంజేతుల మీద ఇప్పటికీ ఎర్రమట్టి గీరిన మచ్చలు ఉన్నాయి.

ఇంత చేసినా సగం పనే అయింది. కాలు దొరికిన రైడర్ వెంటనే నడిమి గీత వైపు పడతాడు. ఆరడుగుల మనిషి చేతులు చాచి పడితే పడుకున్నచోటే దాదాపు రెండున్నర మీటర్లు కలిసొస్తాయి. మిగిలిన రెండు మీటర్ల చిల్లర ఈడ్చుకుంటూ పోగలిగితే వేలికొస గీతకు తగులుతుంది. అప్పుడు పట్టినవాడితో పాటు చేయి వేసిన ప్రతివాడూ బయటికి పోవాల్సిందే. ఆ రెండు మీటర్లను ఆపేది మూలవాడు కాదు. అతను అప్పటికే నేల మీద, కాలికి అతుక్కుని ఉంటాడు. ఆపవలసింది పక్కనున్న కవర్. నడుం మీద పడాలి, లేదా భుజంతో గుద్ది హద్దు బయటికి తోసెయ్యాలి, అదీ కన్ను మూసి తెరిచేలోగా. ఒక్క క్షణం ఆలస్యమైతే ప్రపంచంలోకెల్లా మంచి పట్టు కూడా ఎదుటివాడికి పాయింట్లు రాసిపెడుతుంది.

ఈ మాట మనసులో పెట్టుకుంటే, కొత్తగా కట్టుకుంటున్న జట్టు ఒక పేరున్న డిఫెండర్ కోసం కోట్లు పొయ్యాలా వద్దా అన్న ప్రశ్న మరోలా కనిపిస్తుంది. ఈ ప్రశ్న మనకు దగ్గరిది. తెలుగు టైటాన్స్ అభిమానులం ఏళ్ళ తరబడి దీన్ని మోస్తున్నాం.

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు వేలంలో అందరికంటే ఎక్కువ పలికింది రాకేశ్ కుమార్, 12.80 లక్షలు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2018 వేలంలో కోటి మొదట తాకిన ఆటగాడు కూత వేసేవాడు కాదు, మూలవాడు. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలిని యు ముంబా కోటి రూపాయలకు తీసుకుంది. అదే వేలంలో కూత వేసే మోను గోయత్ 1.51 కోట్లకు వెళ్ళి ఆ అంకెను దాటేశాడు గానీ, మొదటి కోటి మాత్రం పట్టుకే దక్కింది. ఆ రోజు వార్త చదివి బాబాయికి ఫోన్ చేశాను. "చీలమండకు కోటి ఇచ్చారా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఫజల్‌ది ఇరాన్ ఉత్తరాన గోలెస్తాన్ ప్రాంతం. కాస్పియన్ సముద్రానికి ఆనుకుని ఉన్న ఆ గుర్గాన్ మైదానం ఒకప్పుడు ఆ దేశంలో పత్తికి పేరున్న నేల. పత్తి నేలలో పుట్టినవాడు ఇంకో పత్తి నేల ఆటను ఇంత బాగా నేర్చాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందానికి కారణం చెప్పలేను. ఇరాన్‌లో కుస్తీ పాతది. కాలు ఎలా దొరకబుచ్చుకోవాలో ఆ దేశపు పిల్లలకు కబడ్డీ కంటే ముందే తెలుసు.

అతని ఆటను నేను నిదానంగా, వెనక్కి తిప్పి తిప్పి చూస్తాను. మిగతా మూలవాళ్ళు అటూ ఇటూ కదులుతూ రైడర్‌ను బెదిరిస్తుంటారు. ఫజల్ దాదాపు కదలడు. వెనక గీతకు దగ్గరగా, మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు వదిలేసి, ఏదో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతాడు. రైడర్ ఒకసారి కాలు చాచి పరీక్షిస్తాడు, ఫజల్ ఊరుకుంటాడు. రెండోసారి చాస్తాడు, అప్పుడూ ఊరుకుంటాడు. ఇతను రాడులే అని రైడర్ ఒంట్లో బిగువు ఎక్కడో ఒక చోట సడలుతుంది. మూడోసారి ఆ కాలు ఇంకో బెత్తెడు లోపలికి వస్తుంది. ఆ బెత్తెడు కోసమే అంతసేపూ ఊరుకున్నాడు. లీగ్‌లో పట్టు పాయింట్లు 500 దాటిన మొదటి ఆటగాడు అతనే. అన్ని సీజన్లలో అన్ని వందల సార్లు ఆ బెత్తెడు కోసం ఊరుకోవడానికి ఎంత నిబ్బరం కావాలి!

ఇక మన జట్టు. టైటాన్స్ మొదటినుంచీ డబ్బు కూత మీదే పోసింది. 2018లో రాహుల్ చౌదరికి 1.29 కోట్లు, 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, 2023లో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు. ఆ చివరి అంకె ఎంత పెద్దదంటే, జట్టంతటికీ ఖర్చు పెట్టుకోనిచ్చే 5 కోట్లలో సగం దాటింది. మధ్యలో డిఫెండర్ అబోజర్ మిగానీని 2018లో 76 లక్షలకు తెచ్చి విశాల్ భరద్వాజ్‌కు తోడు చేయడం ఒక మంచి ఆలోచన. హిమాచల్ కుర్రాడు విశాల్ ఎడమ మూలలో చేసిన చీలమండ పట్టులు చూసినవాళ్ళు మరిచిపోరు. కానీ వరస నిలబడలేదు.

ఆ తర్వాత వచ్చిన మూడు సీజన్లు తలచుకోవడం కష్టం. ఎనిమిదో సీజన్‌లో 22 ఆటల్లో ఒక్క గెలుపు. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. మొత్తం 66 ఆటలు, అయిదు గెలుపులు.

ఈ మూడింటిలో తొమ్మిదోది, 2022ది, మన ప్రశ్నకు నేరుగా సంబంధించింది. ఆ ఏడు టైటాన్స్ నిజంగానే పట్టు మీద డబ్బు పెట్టింది. ఆగస్టు వేలంలో పర్వేశ్ భైన్స్‌వాల్‌ను 62 లక్షలకు, సుర్జీత్ సింగ్‌ను 50 లక్షలకు కొన్నారు. విశాల్ తిరిగి వచ్చాడు. రవీందర్ పహల్ కూడా చేరాడు. నాలుగు చోట్లకు నాలుగు పేర్లు, నలుగురూ లీగ్‌లో ఏదో ఒక కాలంలో ఎదుటివాళ్ళను వణికించినవాళ్ళే. కాగితం మీద అంత బలమైన వెనక వరస మనకు అంతకుముందు లేదు. రెండు ఆటలు గెలిచాం.

ఎందుకలా అయిందో తెలియాలంటే పర్వేశ్ గురించి తెలియాలి. అతను గుజరాత్ జట్టులో అయిదో సీజన్ నుంచి సునీల్ కుమార్ పక్కన ఆడాడు. ఇద్దరూ కవర్లే, ఒకరు కుడి, ఒకరు ఎడమ. లీగ్ చూసిన కవర్ జతల్లో అంత కుదిరిన జతను నేనైతే చూడలేదు. రైడర్ మధ్యలోకి వచ్చి ఒకడి వైపు తిరిగాడంటే రెండోవాడు అతని వీపు వెనక అప్పటికే నడుస్తుండేవాడు. సైగ ఉండేది కాదు, కేక ఉండేది కాదు. మా బాబాయి, ఆ మిల్లు మనిషీ గొలుసు కట్టి చేసింది వీళ్ళు చేతులు కలపకుండానే చేశారు.

2022 వేలంలో ఆ జత విడిపోయింది. పర్వేశ్ మన దగ్గరికి వచ్చాడు. సునీల్‌ను జైపూర్ 90 లక్షలకు తీసుకుని కెప్టెన్‌ను చేసింది. డిసెంబర్ 17న సునీల్ కప్పు ఎత్తాడు. ఆ ఆఖరి ఆటలో జైపూర్ పుణేరి పల్టన్‌ను 33–29తో ఓడించింది. జైపూర్‌లో అర్జున్ దేశ్వాల్ లాంటి రైడర్ ఉన్నాడు, అది నిజం. కానీ సునీల్‌తో పాటు ఎడమ మూలలో అంకుశ్ అనే కొత్త కుర్రాడు నిలబడి ఆ సీజన్ మొత్తానికి అందరికంటే ఎక్కువగా 89 పట్టు పాయింట్లు తెచ్చాడు. కుడి మూలలో సాహుల్ కుమార్ ముందునుంచీ అక్కడే ఉన్నవాడు. సునీల్‌కు ఒక వరస దొరికింది. పర్వేశ్‌కు దొరికింది మరో ముగ్గురు పెద్ద పేర్లు.

మా వైపు ఎద్దులను జతగా కొంటారు. ఒంగోలు గిత్త ఎంత ఒడ్డూ పొడుగూ ఉన్నా ఒక్కదాన్ని కొనుక్కొచ్చి, ఇంట్లో ఉన్న ఇంకో జతలోని ఎద్దు పక్కన కట్టరు. అడుగు కలవకపోతే కాడి ఒకవైపు లేస్తుంది, మెడ పుండవుతుంది, సాలు వంకర పోతుంది. బండలాగుడు పందేలకు వెళ్ళే రైతును అడగండి, ఎద్దు బలం తర్వాత చెబుతాడు, ముందు అడుగు గురించే చెబుతాడు. దాపటిది ముందుకు వేసినప్పుడు వలపటిది ఎంత వెనక ఉంది అన్నదే అతని లెక్క. 2022లో టైటాన్స్ నాలుగు వేర్వేరు జతల నుంచి నాలుగు మంచి ఎద్దులను తెచ్చి ఒకే బండకు కట్టింది.

ఈ మాటకు ఇంకా గట్టి సాక్ష్యం మరో ఇరానీ ఇచ్చాడు. మొహమ్మద్‌రెజా షాద్లూయి చియానె. ఫజల్ కంటే చిన్నవాడు, స్వభావంలో పూర్తిగా వేరు. ఫజల్ కాచుకుంటాడు, ఇతను మీదికి పోతాడు. రైడర్ ఇంకా మధ్యలో ఉండగానే మూల వదిలి ముందుకు ఉరికి, ఛాతీతో అడ్డంపడి ఆపేస్తాడు. పట్టు పడ్డాక తొడ చరిచి స్టేడియం అంతా తిరుగుతాడు. తప్పులూ చేస్తాడు, కొన్నిసార్లు పాయింటు అప్పనంగా ఇచ్చేస్తాడు. కానీ అతను తెరిచే ఆట ఇంకెవరూ తెరవలేరు. ఎదుటి జట్టు రైడర్లు ఆ వైపు వెళ్ళడమే మానేస్తారు, మ్యాటులో మూడో వంతు వాళ్ళకు లేకుండా పోతుంది. ఈ లాభం స్కోరు బోర్డు మీద పడదు. పట్నా 2021లో అతణ్ణి 31 లక్షలకు కొంది. ఆ సీజన్‌లో 89 పట్టు పాయింట్లు తెచ్చాడు, జట్టు ఫైనల్‌కు వెళ్ళింది.

తర్వాత మూడు వేలాల్లో మూడు జట్లు అతనికి రెండు కోట్లు దాటించి ఇచ్చాయి. 2023లో పుణేరి పల్టన్ 2.35 కోట్లు. 2024లో హర్యానా స్టీలర్స్ 2.07 కోట్లు. 2025లో గుజరాత్ జెయింట్స్ 2.23 కోట్లు. మనిషి ఒక్కడే, ధర దాదాపు ఒక్కటే, వరస మాత్రం ప్రతిసారీ వేరు. ఇంత చక్కటి పరీక్ష ఎవరైనా కావాలని పెట్టినా కుదరదు.

పుణేరిలో అతను వెళ్ళేసరికే అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే కూత వేస్తున్నారు. వెనక అభినేశ్ నడరాజన్, సంకేత్ సావంత్, గౌరవ్ ఖత్రి ఒకరి అడుగు ఒకరికి తెలిసినట్టు ఆడుతున్నారు. ఆ సీజన్‌లో షాద్లూయికి 99 పట్టు పాయింట్లు వచ్చాయి. లీగ్ దశలో పుణేరి 22 ఆటల్లో రెండే ఓడిపోయింది. 2024 మార్చి 1న హర్యానాను 28–25తో ఓడించి కప్పు తీసుకుంది. ఆ ఫైనల్ జరిగింది గచ్చిబౌలిలో. ఆ హాలు సొంత గడ్డ అయిన టైటాన్స్ ఆ ఏడు లీగ్‌లో అట్టడుగున నిలిచింది. సగం డబ్బు ఒక్క రైడర్ మీద పెట్టిన ఇంటివాళ్ళు గట్టు మీద కూర్చుంటే, సగానికి కాస్త తక్కువ ఒక్క మూలవాడి మీద పెట్టిన పొరుగువాళ్ళు మన గడపలో పండగ చేసుకున్నారు.

హర్యానాలోనూ అంతే. ఫైనల్లో ఓడిన జట్టు, జైదీప్ దహియా, రాహుల్ సేత్‌పాల్ అప్పటికే కుదిరిపోయిన వరస. షాద్లూయి వచ్చాక డిసెంబర్ 29న పట్నాను 32–23తో ఓడించి మొదటిసారి విజేత అయ్యింది. గుజరాత్ మాత్రం కొత్తగా కట్టుకుంటున్న జట్టు. అతనికి కెప్టెన్సీ కూడా ఇచ్చారు. లీగ్ దశ దాటలేదు. ఆ ఏడు అతని చేతులు బలహీనపడలేదు. కాళ్ళు దొరుకుతూనే ఉన్నాయి. దొరికిన కాలు ఆగిపోవడానికి పక్కన రావలసిన రెండో మనిషి చాలాసార్లు అర అడుగు దూరంలో ఉన్నాడు.

ఫుట్‌బాల్‌లో ఇదే కథ పౌండ్లలో జరిగింది. 2018 జనవరిలో లివర్‌పూల్ వర్జిల్ వాన్ డైక్‌కు 7.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది, మరుసటి ఏడు యూరప్ విజేత అయ్యింది, ఆ తర్వాతి ఏడు ఇంగ్లండ్‌లో లీగ్ గెలిచింది. 2019 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ హ్యారీ మగ్వైర్‌కు 8 కోట్లు ఇచ్చింది, అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండర్‌కూ అంత ఇవ్వలేదు. లీగ్ రాలేదు. లివర్‌పూల్‌లో వాన్ డైక్ వచ్చేటప్పటికి రెండు పక్కలా ఆండీ రాబర్ట్‌సన్, ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ ఉన్నారు, ఆరు నెలలకు గోల్ ముందు అలిసన్ వచ్చాడు. ఆ తేడా చూస్తే మా ఊళ్ళో ఎడ్లు తోలేవాడికి కూడా అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పింది వింటే, ఇల్లు కట్టుకుంటున్నవాడు తారను కొనకూడదనే నేను అంటున్నానని అనిపిస్తుంది. చాలాకాలం నేనూ అదే అనుకున్నాను. పుణేరి గురించి వెనక్కి వెళ్ళి చూశాక నా మాట మార్చుకోవలసి వచ్చింది.

2023లో షాద్లూయికి దొరికిన ఆ కుదిరిన వరస ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు ఏడు, 2022లో, పుణేరి ఫజల్ అత్రాచలిని 1.38 కోట్లకు తెచ్చి కెప్టెన్‌ను చేసింది. అప్పుడు అభినేశ్, సంకేత్, గౌరవ్ ఇంకా పచ్చివాళ్ళు. ఆ సీజన్ ఆటలు ఇప్పుడు చూస్తే నా కన్ను ఫజల్ పట్టుల మీద నిలవదు. కూతకు కూతకు మధ్య అతనేం చేస్తున్నాడో చూస్తాను. పట్టు తప్పినప్పుడల్లా వెళ్ళి పక్కవాడి భుజం పట్టుకుని, వాడు నిలబడవలసిన చోటుకు నడిపిస్తాడు. చేత్తో నేల చూపిస్తాడు. ఇక్కడ, అక్కడ కాదు అన్నట్టు. అతని హిందీ తక్కువ, వాళ్ళ ఫార్సీ అసలే లేదు. అయినా పాఠం జరిగింది. ఏడాది తర్వాత ఫజల్ వెళ్ళిపోయాడు, ఎడమ మూల ఖాళీ అయ్యింది, మిగిలిన వరస మాత్రం నేర్చుకుని నిలబడింది. ఆ ఖాళీలోకి షాద్లూయి వచ్చాడు.

కాబట్టి ఇప్పుడు నా అభిప్రాయం ఇది. కట్టుకుంటున్న జట్టు పేరున్న డిఫెండర్‌కు పెద్ద మొత్తం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. అయితే రెండు షరతులు. అతను నేర్పేవాడై ఉండాలి. అతని పక్కన నిలబడే ఇద్దరు కుర్రాళ్ళు అతను వెళ్ళిపోయిన తర్వాత కూడా జట్టులో ఉండేవాళ్ళై ఉండాలి. ఈ రెండూ ఉంటే 1.38 కోట్లు చవక, లేకపోతే 62 లక్షలు కూడా దండగ. నేర్పని తారను, పట్టు మాత్రమే తెలిసినవాణ్ణి, ఇల్లు పూర్తయ్యాక చివర్లో తెచ్చుకోవాలి. ఇలా తెచ్చుకుంటే పైకప్పు మీద కలశం పెట్టినట్టు ఉంటుంది. హర్యానా చేసింది అదే.

జతను జతగా కొనడం మూడో దారి. 2024 వేలంలో యు ముంబా సునీల్ కుమార్‌కు 1.015 కోట్లు ఇచ్చింది, భారతీయ డిఫెండర్‌కు అప్పటికి అది అత్యధికం. పర్వేశ్‌ను కూడా తెచ్చి మళ్ళీ అతని పక్కన నిలబెట్టింది. ఇద్దరికీ వయసు పెరిగింది, మునుపటి దూకుడు లేదు. అయినా మొదటి ఆటలోనే రైడర్ సునీల్ వైపు తిరిగితే పర్వేశ్ వెనకనుంచి వస్తున్నాడు. నేను చూస్తున్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండేళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నా ఆ అడుగు మరిచిపోలేదు.

టైటాన్స్ ఇప్పుడు పాత టైటాన్స్ కాదు. పదకొండో సీజన్‌లో 12 ఆటలు గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా కూతలతో, ఎడమ మూల అంకిత్, కుడి మూల శుభం షిండే, కవర్‌లో అజిత్ పవార్‌తో రెండో క్వాలిఫయర్ దాకా వచ్చారు. అక్కడ మళ్ళీ ఎదురుపడింది పుణేరి. భరత్ ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. జట్టు 45 చేసింది. కబడ్డీలో 45 చేసి ఓడిపోవడం అరుదు. పుణేరి 50 చేసింది.

ఆ ఆటను మా ఊళ్ళో బాబాయి ఇంట్లో చూశాం. ఆయనకు ఇప్పుడు మోకాళ్ళు వంగవు, గోడకు చేరబడి కూర్చున్నాడు. పుణేరి కుర్రాడు ఆదిత్య షిండే కూతకు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడిచేతి చిటికెన వేలు దుప్పటి మీద కదులుతోంది. నేను అది గమనించి ఏమీ అనలేదు. ఒక కూతలో మన మూలవాడికి చీలమండ దొరికింది, బాగా దొరికింది, రెండు చేతులా. రైడర్ పడ్డాడు, చేయి చాచాడు, గీత తాకాడు.

ఇంట్లో పిల్లలంతా మూలవాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. బాబాయి వాళ్ళకేసి చూడలేదు. టీవీ వైపు కొంచెం వంగి, మూలవాడి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్న కుర్రాణ్ణి అడిగాడు: "నువ్వెక్కడున్నావురా అబ్బాయ్?"